సాగనంపిన గొంతు

"సాయంత్రానికల్లా ఆ గొంతు మూగపోవాలి. అంతే. ఈ ఇంట్లో ఇంక దీని మీద చర్చ లేదు," అన్నారు జగన్నాథరావు గారు, పొద్దున ఆగిన చర్చను మళ్ళీ తనే మొదలుపెడుతూ.

కోడలు పావని లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. వంతెన దాటి రాజమండ్రిలో ఆఫీసుకు చేరాల్సిన మనిషి. బయట ఆటో అతను హారన్ కొట్టి కొట్టి, లోపలి మాటలు చెవిన పడి, మర్యాదగా ఇంజన్ ఆపేశాడు. ఆమె భర్త మణిదీప్ అప్పటికే బ్యాంకుకు జారుకున్నాడు. ఇంట్లో గొడవ ఉన్న రోజున అతని డ్యూటీ తొందరగా మొదలవుతుంది.

"మావయ్యగారూ, ఒక్కసారి నా మాట వినండి..."

"నీ మాట విన్నందుకేనమ్మా పావనీ ఇంతదాకా వచ్చింది. అత్తయ్య గొంతుతో బొమ్మ పిల్ల పాడుతుందన్నావు. సరే అన్నాను. దేశమంతా వింటుందన్నావు. సంతోషం అన్నాను. శవం బండిలో పాడుతుందని చెప్పావా?"

పావని తల దించుకుంది.

ఈ గొడవకంతటికీ కేంద్రమైన మనిషి ఆయన భార్య. సత్యవాణి వంటింటి గడప పక్కన పీట వేసుకుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. ఆ పూటకు సరిపోయేవి ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు తుంచుతున్నవి రేపటివి.

హాలు మధ్యలో మామిడిపళ్ళ బుట్ట ఉంది. కొత్తపల్లి కొబ్బరి రకం. ఇల్లంతా వాసన. పొద్దున్నే వరలక్ష్మమ్మ గారి కారు డ్రైవరు తెచ్చి దింపాడు. దింపి, చేతులు కట్టుకుని, అప్పగించిన మాట అప్పగించాడు.

"ఆదివారం మీరు శ్రమ పడి రావద్దన్నారండి అమ్మగారు. మీకు ఒంట్లో నలతగా ఉందని తెలిసిందటండి. విశ్రాంతి తీసుకోమన్నారండి."

సత్యవాణికి ఒంట్లో ఏ నలతా లేదు. ఆ సంగతి వరలక్ష్మమ్మ గారికీ తెలుసు, డ్రైవరుకూ తెలుసు. మన గోదావరి వైపు మనిషిని రావద్దని చెప్పేటప్పుడు కూడా మర్యాదకు లోటు రానివ్వరు. బుట్టెడు పళ్ళిచ్చి మరీ చెబుతారు. తిట్టి ఉంటే తిరిగి ఒక మాట అనేసి తేలికపడొచ్చు. మామిడిపళ్ళకు ఏమని జవాబు చెబుతాం?

ఆదివారం వరలక్ష్మమ్మ గారి మనవరాలు శ్రీసత్యకు శ్రీమంతం. ఆ ఇంటి కోడలికి గాజులు తొడిగిన నాడు పాట అందుకున్నది సత్యవాణే. ఆ కడుపున పుట్టిన శ్రీసత్యను ఉయ్యాలలో వేసిన నాడు జోల పాడిందీ సత్యవాణే. కొవ్వూరులో ఏ పేరంటంలోనైనా మొదటి మంగళహారతి ఆవిడ గొంతు నుంచే రావాలి. పాడినందుకు పసుపూ కుంకుమా జాకెట్టు గుడ్డా తప్ప ఏనాడూ మరొకటి పుచ్చుకోలేదు. "సత్యవాణి గారిని పిలిచారా?" అని ఊళ్ళో ఆడవాళ్ళు అనుకునే ఆ ఒక్క మాటే ఆవిడ సంపాదన. ఇవాళ ఆ సంపాదన బుట్టలో పెట్టి వెనక్కి పంపేశారు.

నిన్న వెనక వీధి రత్నమాణిక్యం శవయాత్ర వీళ్ళ ఇంటి ముందు నుంచే గోష్పాద రేవు వైపు వెళ్ళింది. వైకుంఠ రథానికి మైకు ఉంటుంది, అందులో భజనో పద్యమో వస్తుంది. నిన్న వచ్చింది అది కాదు. ఎవరూ ఎన్నడూ వినని పాట, అందరూ ఎరిగిన గొంతులో. పొద్దు వాలకముందే ఊరంతా పాకింది, సత్యవాణి గారు శవం వెనక పాడారట అని. కుండకు మూకుడు ఉంది, ఊరికి మూకుడు లేదు.

"అది నేను కాదు, చినుకు," అని సత్యవాణి ఎందరికని చెప్పగలదు?

చినుకు అంటే పావని ఆఫీసువాళ్ళు తయారుచేసిన పాటల పిల్ల. మనిషి కాదు. రెండు జడలు, లంగా వోణీ, జడల్లో కనకాంబరాలు, చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్న బొమ్మ. ఫోనులో మాటలు రాసి, స్వరాలు పెడితే ఆ పిల్ల పాడుతుంది. ఆ పాడే గొంతు సత్యవాణిది. రెండేళ్ళ కిందట మండుటెండల్లో మేడ మీద గదిలో గోడలకు పరుపులు ఆనించి, ఫ్యాను కట్టేసి, క నుంచి క్ష దాకా గుణింతమంతా మంద్ర, మధ్య, తార స్థాయిల్లో పాడించింది పావని. పక్కింటివాళ్ళు ఆ రాగాలు విని, "ఈ వయసులో మళ్ళీ అక్షరాభ్యాసమాండీ?" అని అడిగితే సత్యవాణి చెమట తుడుచుకుంటూ పగలబడి నవ్వింది.

తర్వాత ఆ గుణింతాన్ని ముక్కలు చేసి, ఊపిర్లూ దగ్గులూ ఏరి పారేసి, కావలసినట్టు అతికారు. ఒక్కటి మాత్రం పావని పారేయలేకపోయింది. పాట ఎత్తుకునే ముందు సత్యవాణి శ్రుతి చూసుకోవడానికి "ఊఁ" అని సన్నగా అంటుంది. అది ఉంటేనే మనిషిలా ఉందని ఉంచేసింది. పేరు వేయవద్దని జగన్నాథరావు గారు పట్టుబడితే పేరు వేయలేదు. కానీ ఊళ్ళోవాళ్ళకు పేరు ఎందుకు? "ఊఁ" చాలు.

చినుకును జనం నెత్తిన పెట్టుకున్నారు. భీమవరం కుర్రాడెవరో రొయ్యల ధర పడిపోయిందని దానితో ఏడుపు పాట పాడించాడు. కాలేజీ పిల్లలు తెర మీద ఆడించి ఈలలు వేశారు. బొమ్మకు పుట్టినరోజు చేసి కేకు కోసినవాళ్ళున్నారు. పెద్ద విద్వాంసులు కొందరు ఇది ప్రాణం లేని పాట, బొమ్మకు బొట్టు పెట్టి పేరంటానికి పిలవడం లాంటిదని పత్రికల్లో రాశారు. అదీ ప్రచారమే అయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. చినుకు రచ్చంతా గెలిచి ఇంట్లో ఓడిపోయింది.

"మేం నియమాలు పెట్టాం మావయ్యగారూ," అంది పావని. "బూతులు పాడించకూడదు. ఎన్నికల పాటలు పాడించకూడదు. ఎవర్నీ తిట్టించకూడదు. అన్నీ ఆపాం."

"మరి చావు?"

పావని భుజాన జారుతున్న బ్యాగు పైకి లాక్కుంది.

"అది మాలో ఎవరికీ గుర్తు రాలేదండి."

నిజమే. కంప్యూటరుకు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టిన పని అది. పరీక్షకు పాడించినవన్నీ పెళ్ళిపాటలు, జోలపాటలు, జన్మదినాలు. తథాస్తు దేవతలు పక్కనే తిరుగుతుంటారని వింటూ పెరిగిన పిల్లలు, చావు మాట పరీక్షకైనా చినుకు నోట పలికించలేదు. పలికించని మాటను ఆపాలని మాత్రం ఎలా తోస్తుంది?

"బాగుంది. శుభం పలకరా పెళ్ళికొడకా అంటే..." అని జగన్నాథరావు గారు సామెత ఎత్తుకుని, కోడలి ముందు అనకూడని ముక్క దగ్గర ఆగి, దగ్గారు.

"ఆ దుర్గాసాయి అయినా ఏంటి ఆ పని? తల్లి పోయిన బాధలో ఉన్నాడనుకో. మైక్‌సెట్లు అద్దెకిచ్చేవాడికి వేరే పాటే దొరకలేదా? నేనే వెళ్ళి అడుగుదును, మైల ఇల్లని ఆగాను."

సత్యవాణి చేతిలో గోరుచిక్కుడు తునక పళ్ళెంలో పడకుండా నేల మీద పడింది. ఏరుకోలేదు.

"పోనీలెండి. పాడింది యంత్రమే కదా," అంది మెల్లిగా. పొద్దుటి నుంచి ఆవిడ అన్న మొదటి మాట అదే.

ఆ మాటకు జగన్నాథరావు గారు ఒక్కసారిగా లేచారు. పేపరు మిల్లులో షిఫ్టులు నడిపి రిటైరైన మనిషి. ఆయన కోపం ఎప్పుడూ పెద్ద గొంతుతోనే వస్తుంది. ఇప్పుడు మాత్రం గొంతు లేవలేదు.

"యంత్రమా? నీకేం, నువ్వు వంటింట్లో మిక్సీ వేసుకుంటున్నావు. నేను వరండాలో ఉన్నాను. బండి వస్తోందని లేచి నిలబడ్డాను, పోయిన మనిషికి మర్యాదగా. ముందు ఆ 'ఊఁ' వినపడింది. తరవాత నువ్వు. శవం బండిలోంచి నువ్వు పాడుతున్నావు."

ఆయన వంటింటి గుమ్మం వైపు చెయ్యి చూపించారు.

"నువ్వు లోపలున్నావని నాకు తెలుసు. తెలిసే పరిగెత్తాను. పంచె కాళ్ళకి అడ్డం పడుతున్నా పరిగెత్తి వంటింటి గుమ్మం దాకా వచ్చాను. నీ వీపు కనపడింది. పచ్చడి రుబ్బుతున్నావు. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. పేపరు పట్టుకుంటే ఒక్క అక్షరం ఎక్కలేదు." ఆయన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు. "నాకు భయమేసింది వాణీ. అంతే. ఊరివాళ్ళ సంగతి తరవాత."

సత్యవాణి ఆయన వంక చూసింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ మనిషి నోట భయం అన్న మాట వినలేదు. ఆవిడకు జాలేసింది, ఆ జాలిని ఎలా చూపించాలో తెలియక చీర చెంగుతో చేతులు తుడుచుకుంది.

పావని బ్యాగు కింద పెట్టింది.

"అత్తయ్యా, మీరు ఒక్క మాట అంటే గొంతు తీసేస్తాను. ఒప్పందంలో మొదటి షరతు అదే రాయించాను. ఎవర్నీ అడగక్కర్లేదు. చినుకు ఇంక కొత్త పాట పాడదు. ఇప్పటిదాకా పాడించుకున్నవి ఎవరి ఫోన్లో ఉన్నవి వాళ్ళ దగ్గరే ఉంటాయి." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ మాట తడబడలేదు. "నా ఉద్యోగం గురించి ఆలోచించకండి. చెప్పండి."

"ఆ పాట నేను వినలేదే," అంది సత్యవాణి.

"వినక్కర్లేదు," అన్నారు జగన్నాథరావు గారు.

"ఊరంతా విందిటండీ. పాడానంటున్న దాన్ని, నేను వినకపోతే ఎలాగ?"

పావని లాప్‌టాప్ తెరిచి పీట పక్కనే నేల మీద చతికిలబడింది. దుర్గాసాయి ఆ పాటను దాచుకోలేదు. చినుకు పాటల్లో అందరూ చూసేలాగే పెట్టాడు. పేరు కూడా 'అమ్మకి' అని పెట్టాడు.

"ఊఁ" అంది చినుకు. తరవాత ఎత్తుకుంది.

*రేవు దాకా వస్తానమ్మా, ఆపైన నువ్వే పోవాలి*
*తడిసిన కొంగు పిండుకోకు, అవతల ఎండ కాస్తుంది*

వాయిద్యం లేదు. ఒక్క తంబురా శ్రుతి, ఆ మీద గొంతు. జగన్నాథరావు గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. సత్యవాణి కళ్ళు మూసుకుని వింది. చివరిదాకా విని, "మళ్ళీ పెట్టు," అంది. రెండోసారి మధ్యలో చెయ్యెత్తి ఆపమంది.

"ఈ జారుడు నాది కాదు."

"ఏంటత్తయ్యా?"

"గొంతు నాదే. కానీ 'పోవాలి' దగ్గర చూడు. మాట చివర కిందికి జారి, మళ్ళీ కొంచెం పైకి లేచింది. నేనలా పాడను. ఎప్పుడూ పాడలేదు. ఇది మీ చినుకుకి ఎవరు నేర్పారు?"

పావని తెర మీద పాటను విప్పింది. అక్షరాల మీదుగా సన్నటి గీత ఒకటి వంకరలు తిరుగుతూ సాగుతోంది.

"స్వరాలు ఇస్తే చినుకు మెట్లు ఎక్కినట్టు నేరుగా పాడేస్తుందత్తయ్యా. ఎక్కడ జారాలి, ఎక్కడ ఊగాలి అన్నది పాడించేవాళ్ళే వేలితో గీత గీసి చెప్పాలి. ఓపిక చాలక ఎవరూ గియ్యరు. ఇది చూడండి, ప్రతి అక్షరానికీ గీశారు. చెరిపి చెరిపి గీశారు." పావని తెర దగ్గరికి వంగింది. "మా ఆఫీసులో కూడా ఇంత బాగా ఎవరూ గియ్యలేదు."

సత్యవాణి ఆ గీత వంకే చూస్తోంది. కుండ నీళ్ళలో మునిగి, నిండి, మళ్ళీ పైకి లేచినట్టుండే ఆ జారుడు ఈ ప్రపంచంలో ఒక్కరిదే.

రత్నమాణిక్యం. ఇద్దరూ ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. సత్యవాణి పాట అందుకుంటే మాణిక్యం వంత పాడేది. అక్కా అనేది. మాణిక్యం భర్త పోయాక ఆమెకు పేరంటాల పిలుపులు ఆగిపోయాయి. ఎవరూ రావద్దనలేదు, పిలవలేదంతే. ఆ తరవాత శుభకార్యాల్లో ఆమె దొడ్డి గుమ్మం నుంచి వంటసాయానికి వచ్చేది. ముందు హాల్లో సత్యవాణి హారతి పాడుతుంటే, దొడ్లో గిన్నెల చప్పుడు ఆగేది. వంత వచ్చేది, బయటికి వినపడీ వినపడకుండా. సత్యవాణికి వినపడేది. ఏనాడూ పాట ఆపి, లోపలికి రావే అని పిలవలేదు. హాల్లో ఎవరేమనుకుంటారో అని.

మొన్న మాణిక్యం పోయిందని తెలిసినప్పుడు కూడా, శ్రీమంతం అయ్యాక వెళ్దాంలే అనుకుంది. చావింటి గడప తొక్కి శుభానికి వెళ్ళకూడదు కదా.

సత్యవాణి పీట మీంచి లేచింది. మోకాళ్ళు పట్టేసి కాసేపు గోడ పట్టుకుంది. తరవాత గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికి?" అన్నారు జగన్నాథరావు గారు.

"మాణిక్యం ఇంటికండి."

"ఇవాళ శుక్రవారం. శుక్రవారం పూట పరామర్శకి వెళ్తారా ఎవరైనా?"

"నిన్న గురువారమే కదండీ. వెళ్ళానా?"

ఆయన కిటికీ వదిలి ఆవిడ వైపు తిరిగారు.

"ఆ గడప తొక్కితే ఇంక వరలక్ష్మమ్మ గారి గడప సంగతి మర్చిపో. మళ్ళీ పిలుస్తారేమోనన్న ఆశ కూడా ఉండదు. ఆలోచించుకో."

"ఆలోచిస్తూనే ఉన్నానండి పొద్దుటి నుంచీ."

"మరి గొంతు సంగతి ఏంటత్తయ్యా?" అంది పావని.

"సాయంత్రం దాకా టైమిచ్చారుగా మీ మావయ్య. సాయంత్రం కానీ."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మామిడిపళ్ళ బుట్ట చుట్టూ తిరిగి వెళ్ళింది గాని, వంగి చూడలేదు.

వెనక వీధిలో దుర్గాసాయి ఇల్లు తెలియనివారు లేరు. అరుగు మీద నల్లటి స్పీకరు డబ్బాలు మనిషెత్తున పేర్చి ఉంటాయి. ఇవాళ వాటి మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. లోపల గోడవార దీపం, దీపం వెనక మాణిక్యం ఫోటో. చాప మీద దుర్గాసాయి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మనిషి వచ్చిన అలికిడికి తలెత్తి, ఎవరో పోల్చుకుని, గబుక్కున లేచాడు.

"పెద్దమ్మగారూ... మీరా? ఇవాళ శుక్రవారం కదండీ."

"అందరూ అదే చెబుతున్నారు నాన్నా. కూర్చో."

ఆవిడ చాప చివర కూర్చుంది. ఫోటో వైపు చూడటానికి కొంచెం సమయం పట్టింది. మాణిక్యం ఎప్పటిలాగే నవ్వు ఆపుకుంటున్నట్టుంది.

"తప్పయిపోయిందండి," అన్నాడు దుర్గాసాయి. "మీ ఇంటి ముందు సౌండు తగ్గిద్దామనే అనుకున్నానండి. నిప్పుకుండ పట్టుకుని బండి ముందు నడుస్తున్నాను. చెయ్యి ఖాళీ లేదు. వెనక్కి తిరిగి చూడకూడదన్నారు. ఎవరికి చెప్పాలో తెలీలేదు."



"పాటకి ఆ గీతలు ఎవరు గీశారు?"

దుర్గాసాయి ఆశ్చర్యంగా చూశాడు. "అది కూడా తెలిసిపోయిందాండీ?"

"చెప్పు."

"అమ్మేనండి. మాటలూ అమ్మవే. గిన్నెలు తోముకుంటూ ఎప్పుడూ అదే అనుకునేది. మా అమ్మమ్మ పోయినప్పుడు కట్టుకుందట. ఎవరికీ వినిపించలేదు." అతను దీపం వత్తి ఎగదోశాడు. "ఒకరోజు నేను ఫోన్లో చినుకు పాట ఏదో పెడితే, మంచం మీంచి లేచి కూర్చుందండి. ఇది మా సత్యవాణక్కే అంది. కాదమ్మా, బొమ్మే అంటే వినదే! ఆ 'ఊఁ' ఇన్నేళ్ళు నా చెవి పక్కనే మోగింది, నాకు చెప్తావా అంది. ఇంక అప్పటి నుంచి ఫోను నాకివ్వలేదు. గీత పైకి గీస్తే పాట పైకెళ్తుందని కనిపెట్టింది. ముగ్గు వేసినట్టు గీసేది. మొదట్లో ఆ గొంతు అమ్మ చెప్పినట్టు వినలేదండి. అక్క గొంతుతో పాటు అక్క మొండితనం కూడా వచ్చిందిరా అని ఒకటే నవ్వు."

సత్యవాణికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది.

"నాతో ఒక్క మాట చెప్పకపోయావా? పిలిస్తే నేను రాకపోదునా?"

"వచ్చేవారాండీ?" అన్నాడు దుర్గాసాయి.

ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఆవిడ చాప అంచున ఊడొచ్చిన పుల్లను వేలితో లోపలికి దోపింది.

అతనే మళ్ళీ అన్నాడు. "తనని సాగనంపేటప్పుడు పాడమని మిమ్మల్ని అడగొద్దంది అమ్మేనండి. అక్క శుభానికి పాడే మనిషిరా, అడిగితే కాదనలేక, రాలేక నలిగిపోతుంది అంది. ఈ పిల్లయితే ఎవరింటికైనా వస్తుంది అంది."

వీధిలో కొబ్బరిబోండాల బండి అరుచుకుంటూ పోయింది. 

"ఇప్పుడు పాడతాను," అంది సత్యవాణి. "ఇక్కడే, దాని ఫోటో ముందు పాడతాను. నాకే పట్టింపూ లేదు."

దుర్గాసాయి నెమ్మదిగా తల ఊపాడు. ఒప్పుకుంటున్నట్టు కాదు.

"అక్కర్లేదండి పెద్దమ్మగారూ. అమ్మని సాగనంపేశాం కదండీ. ఏం లోటు రాలేదు."

ఎంత మర్యాదగా అన్నాడు! పొద్దున మామిడిపళ్ళు తెచ్చిన డ్రైవరు కూడా ఇంత మర్యాదగా అనలేదు. ఒకే రోజు రెండు ఇళ్ళు తన పాట అక్కర్లేదన్నాయి. మొదటిది విన్నప్పుడు అవమానంగా అనిపించింది. ఈ రెండోది అవమానం కాదు. తనకు రావలసినదే వచ్చిందనిపించింది.

కొంగు సర్దుకుని లేవబోయింది. లేవలేదు.

"పోనీ, నాకు నేర్పు."

"ఏంటండీ?"

"ఆ పాట నాకు రాదు. మాణిక్యం జారుడు నాకు ఎప్పుడూ పట్టుబడలేదు. దాని పక్కన ఇన్నేళ్ళు పాడీ నేర్చుకోలేదు. నా గొంతుకి నేర్పి వెళ్ళింది కదా, దాని దగ్గరే నేర్చుకుంటాను. పెట్టు."

దుర్గాసాయి కాసేపు ఆవిడ మొహం వంక చూసి, ఫోను తీసి చాప మీద పెట్టాడు. చినుకు పాడింది. సత్యవాణి వెనకే అందుకుంది. "పోవాలి" దగ్గర గొంతు జారింది గాని మళ్ళీ లేవలేదు. మళ్ళీ పెట్టమంది. ఈసారి లేచింది గాని తొందరపడింది. ఊరంతటికీ పాట నేర్పిన మనిషి, తన గొంతు ముందే తాను తప్పు పాడుతూ కూర్చుంది. మూడోసారికి దుర్గాసాయి గోడకు ఆనుకుని, తల్లి పోయాక మొదటిసారి, బయటికే ఏడ్చాడు.

అప్పుడు మోగింది సత్యవాణి ఫోను. వరలక్ష్మమ్మ గారు.

"ఏమండీ సత్యవాణి గారూ, పళ్ళు అందాయా?" ఆవిడది పెద్ద గొంతు. ఫోను చెవికి ఆనించినా గదంతా వినపడుతుంది. "పొద్దుట డ్రైవరుతో చెప్పి పంపానే గాని నాకు మనసొప్పట్లేదండి. మీరు లేని శ్రీమంతం ఏం శ్రీమంతం? మా శ్రీసత్య కూడా ఒకటే గొడవ. నేనొక ఉపాయం ఆలోచించాను. ఆ పాడింది మీరు కాదు, ఆ గొంతుకీ మీకూ ఏ సంబంధమూ లేదు, ఏదో యంత్రం మిమ్మల్ని అనుకరించింది అని మా ఆడవాళ్ళ గ్రూపులో ఒక్క ముక్క చెప్పండి చాలు. ఇంక నోళ్ళు మూతపడతాయి. ఆదివారం నేనే కారు పంపిస్తాను. ఏమంటారు?"

దుర్గాసాయి మొహం తుడుచుకుని ఆవిడ వంక చూశాడు. చెప్పెయ్యండి పెద్దమ్మగారూ అన్నట్టు కళ్ళతోనే అన్నాడు. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు. పాడింది ఆవిడ కాదు. యంత్రమే. ఒక్క ముక్క చాలు. ఆదివారం ఆ పెద్ద హాల్లో, గాజుల పళ్ళెం ముందు, అందరి కళ్ళూ తన మీద ఉండగా మళ్ళీ తన పాట మొదలవుతుంది. అది కావాలని ఆవిడకు ఎంతగా ఉందో ఆ క్షణాన ఆవిడకే తెలిసింది.

ఫోటోలో మాణిక్యం నవ్వు ఆపుకుంటూనే ఉంది.

"ఆ గొంతు నాదేనండి వరలక్ష్మమ్మ గారూ," అంది సత్యవాణి. "నిన్న నేను వెళ్ళాల్సిన చోటికి నేను వెళ్ళలేదు. అది వెళ్ళింది."

 పెట్టేశారేమోనని ఫోను చూసుకుంది. పెట్టలేదు.

ఆవిడా పెట్టలేదు. ఫోనును అలాగే చాప మీద, దుర్గాసాయి ఫోను పక్కన ఉంచింది.

"మొదటి నుంచి పెట్టు నాన్నా."

"ఊఁ" అంది చినుకు. "ఊఁ" అంది సత్యవాణి.

బయట అరుగు దగ్గర ఎవరివో చెప్పులు కదిలిన చప్పుడైంది. ఆ అడుగు ఎవరిదో తలతిప్పి చూడక్కర్లేకుండానే ఆవిడకు తెలుసు. ఎంత సేపటి నుంచి వింటున్నారో మాత్రం తెలియదు. పాట రేవు దాకా వెళ్ళింది. జగన్నాథరావు గారు లోపలికి రాలేదు. వెళ్ళిపోనూ లేదు.